నేర్చుకునే మూడేళ్లకు కూలి ఎవరిస్తారు?

తెలంగాణ పల్లెలో ఇల్లు కట్టుకునేవాళ్లకు సిమెంటు, ఇసుక, ఇటుక దొరుకుతున్నాయి. గోడలు లేపే మేస్త్రీ దొరుకుతాడు. దర్వాజ నిలబెట్టే వడ్లాయన కోసం మాత్రం పక్క మండలానికి కబురు పెట్టాల్సి వస్తోంది. వచ్చే మనిషి తరచూ యాభై దాటినవాడే అయి ఉంటాడు. అతని పక్కన కర్ర పట్టుకుని నిలబడే కుర్రాడు ఉండడు. అతనూ దొరక్కపోతే పట్నం దుకాణంలో తయారుగా ఉన్న చౌకట్టు కొని ట్రాలీ ఆటోలో తెచ్చుకోవడమే.

ఇది నిన్న మొన్న మొదలైన ఇబ్బంది కాదు. రెండు తరాలుగా ముదురుతూ వచ్చింది. ఎందుకని అడిగితే ఊళ్లో రెండు జవాబులు వినిపిస్తాయి. ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదని పెద్దలు అంటారు. ప్లాస్టిక్ తలుపులొచ్చి పని పోయిందని వడ్రంగులు అంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఈ రెండు మాటల వెనక ఒక లెక్క దాగి ఉంది. ఒక మనిషి వడ్రంగిగా తయారు కావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అతని తిండి, అతను పాడుచేసే కర్ర, అతనికి నేర్పుతూ గురువు పోగొట్టుకునే పొద్దు, అన్నీ ఖర్చే. ఒకప్పుడు ఆ ఖర్చు ఊరు భరించింది, భరిస్తున్నానని తెలియకుండానే. తర్వాత ఆ బరువు దించేసింది. దాన్ని మళ్లీ ఎత్తుకున్నవాళ్లు లేరు.

కల్లం గింజల కాలం

వడ్రంగి ఊరి ఆయగాళ్లలో ఒకడు. రైతులు నాగలికి ఇంతని లెక్కగట్టి కల్లం దగ్గర గింజలు కొలిచేవారు. ఆంధ్ర ప్రాంతంలో దాన్ని మేర అన్నారు. ఆ గింజలకు బదులు ఏడాది పొడవునా నాగళ్లు, కాడి, మేడి, గుంటక, గొర్రు బాగుచేసి పెట్టడం వడ్రంగి బాధ్యత. కొత్త బండి, ఇంటి తలుపులు, మంచం వంటి వాటికి విడిగా ముట్టేది. ఉగాది దాటాక ఏరువాక పున్నమి దాకా కొట్టంలో తీరిక ఉండేది కాదు.

ఆ ఏర్పాటును తలుచుకుని మురిసిపోవాల్సిన పనేమీ లేదు. పని కులాన్ని బట్టి దక్కేది. బేరమాడే హక్కు వడ్రంగికి అంతంతమాత్రం. కరువొస్తే రైతు గాదెతో పాటు వడ్రంగి గాదె కూడా ఖాళీ అయ్యేది. బయటి కులం పిల్లవాడికి కొట్టంలో చోటు దొరకడం అరుదు. నేర్చుకునేది కొడుకో, తమ్ముడో, మేనమామ దగ్గరికి పంపిన మేనల్లుడో.

అయినా ఒక సంగతి గుర్తించాలి. కొట్టంలో కూర్చున్న కుర్రాడి ముద్ద ఆ గింజల్లోంచే వచ్చేది. అతను చెయ్యి తిప్పుకోవడానికి మోటు పని కావలసినంత ఉండేది. పార కామ, గొడ్డలి కామ, గొర్రు పళ్లు, కాడి చీలలు, ఇవన్నీ కొత్త చేతికి తగినవి. కర్ర రైతు గట్టు మీది నల్లతుమ్మే. ఒక కామ వంకరగా వస్తే ఇంకోటి చెక్కడమే, పోయేది పూట పొద్దు. నేర్చుకునేవాడు తప్పు చేయడానికి ఊరు చోటిచ్చింది. ఆ చోటు పోయాక ఏమైందో ముందు ముందు చూద్దాం.

మూడు వానలు చూసిన చెయ్యి

కొట్టంలో చేరినవాడికి మొదటి నెలల్లో ఉలి చేతికివ్వరు. పొట్టు ఊడవాలి, కర్రలు అందించాలి, దుంగ కదలకుండా పట్టుకోవాలి. తర్వాత సాన. బాడిస, ఉలి, చిత్రిక అలుగు పదును పెట్టడం ముందుగా వంటబట్టాలి. పదును లేని ఉలి కర్రను కొయ్యదు, చీలుస్తుంది. పైగా బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి జారి చేతికే తగులుతుంది. పదునైన పనిముట్టు కంటే మొండిదే ఎక్కువ గాయం చేస్తుందని ప్రతి మేస్త్రీ చెప్పేది అందుకే.

ఆ తర్వాత రంపం. దుంగను పలకలుగా కోసే పెద్ద రంపానికి రెండు కొసల్లోనూ మనుషులుండాలి. ఒక కొస గురువుది, రెండో కొస శిష్యుడిది. ఎర్రమట్టి నీళ్లలో తడిపిన దారం లాగి కొట్టిన గీత మీదుగా రంపం నడపాలి. లాగడమే తప్ప తొయ్యకూడదని మెల్లగా తెలుస్తుంది. చిత్రిక పట్టే రోజు వచ్చాక కర్రలో నార ఎటు పోతుందో చూడటం అలవడుతుంది. నారకు ఎదురుగా పట్టావంటే పలక గరుకు లేస్తుంది. ఒకే పలకలో నార దిశ మారితే చెయ్యి కూడా దిశ మార్చాలి. ఇది చూపించగలిగినంత తేలిగ్గా చెప్పగలిగేది కాదు.

అసలు పరీక్ష కుసి, బెజ్జం దగ్గర. ద్వారబంధం నిలువు కర్రలో తొలిచిన బెజ్జంలో అడ్డకర్ర కుసి దిగాలి. మరీ బిగువైతే నిలువు కర్ర పగులుతుంది. మరీ వదులైతే చౌకట్టు ఊగుతుంది. నాలుగు దెబ్బలకు దిగి ఐదో దెబ్బకు కదలకుండా కూర్చోవాలి. మూలమట్టం పెట్టి చూస్తే నాలుగు మూలలూ సరిగా రావాలి.

ఆపైన కర్ర స్వభావం. వేపను పురుగు తొందరగా ముట్టదు. నల్లతుమ్మ దెబ్బకు ఓర్చుకుంటుంది కాబట్టి నాగలికి, బండి చక్రానికి వాడారు. మద్ది బరువు. టేకు ఎండకూ వానకూ పెద్దగా మెలి తిరగదు. పచ్చి కర్రతో చేసిన తలుపు ఎండాకాలం కుంచించుకుపోతుంది, సందుల్లోంచి వెలుగు కనిపిస్తుంది. ఎండిన కర్రతో బిగుతుగా చేసిన తలుపు శ్రావణంలో ఉబ్బి మూసుకోదు. ఎంత సందు వదలాలో పుస్తకం చదివి తెలుసుకోవచ్చేమో గానీ, తాను చేసిన తలుపు మూడు వానాకాలాల్లో ఏమైందో చూసినవాడికి తెలిసినట్టు తెలియదు. ఈ పనికి మూడేళ్లు కావాలనడం వెనక ఇదొక కారణం.

వెనకటికి బండి చక్రం చేసిన రోజున శిష్యుడు మేస్త్రీ అయినట్టు లెక్క. కుండ అనే నడిమి దిమ్మెలో ఆకులనే కర్రలు దిగేసి, వాటి మీద పూటీలనే అంచు ముక్కలు తొడిగి, కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా ఎక్కించి నీళ్లు పోస్తే పట్టా బిగుసుకుంటుంది. లెక్క తప్పి ఉంటే చక్రం అప్పుడే బయటపెడుతుంది. అదే రోజు ఊరందరి ముందూ తీర్పు.

కింది మెట్లు ముందు పోయాయి

ట్రాక్టరు వచ్చి నాగలి పనిని తీసుకెళ్లింది. అంతకుముందే ఇనుప నాగలి కొంత తీసుకెళ్లింది. రబ్బరు టైర్ల బండి వచ్చి చక్రం పని పోయింది. తర్వాత ఇనుప కిటికీలు, ఫ్లష్ డోర్లు, ప్లైవుడ్, యూపీవీసీ వరుసగా వచ్చాయి. పని తగ్గిందని అందరూ అంటారు, నిజమే. అయితే పోయిన వరుసను గమనించాలి. ముందుగా పోయింది మోటు పని. అంటే కొత్తవాడు చెయ్యి తిప్పుకునే పని. మిగిలింది టేకు దర్వాజ, పూజగది తలుపు, చెక్కుడు పని. యజమాని అప్పు చేసి కొన్న టేకు పలక మీద తప్పు ఉలి దెబ్బ పడితే, ఆ నష్టం వడ్రంగి రోజుల తరబడి కూలికి సమానం. అలాంటి పలక మీద ఏ గురువు మాత్రం కొత్త చెయ్యి పడనిస్తాడు?

యంత్రాలూ తమ వంతు చేశాయి. దుంగలు సామిల్లులో కోతకు వెళ్తున్నాయి. చేతి చిత్రిక బదులు కరెంటు ప్లేనర్, రంపం బదులు కట్టర్, బరమా బదులు డ్రిల్లింగ్ మిషన్ వచ్చాయి. వడ్రంగికి నడుం నొప్పి తగ్గింది. మంచిదే. కానీ రంపం రెండో కొసకు మనిషి అక్కర్లేకపోయింది. ఒకప్పుడు శిష్యుడు మొదటి నెల నుంచీ గురువుకు ఉపయోగపడేవాడు కాబట్టి అతన్ని ఉంచుకోవడం గురువుకూ లాభమే. ఇప్పుడు పని వచ్చేదాకా అతను గురువుకు ఖర్చు. పైగా గిరగిర తిరిగే కట్టర్ పళ్ల ముందు పదహారేళ్ల పిల్లవాణ్ణి నిలబెట్టడమంటే భయం. వేలు తెగితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు?

కర్ర సంగతీ మారింది. అడవుల రక్షణ కేసులో 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో చెట్ల నరికివేత మీదా, సామిల్లుల మీదా గట్టి అదుపు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టంతో పట్టా భూమిలో చెట్టు కొట్టడానికీ అనుమతులు మొదలయ్యాయి. అడవులకు ఆ కాపలా అవసరమే. కాకపోతే గట్టు మీది చెట్టు కొట్టి కొట్టంలో పడేసే పద్ధతి పోయింది. కాగితం లేని దుంగ కొట్టంలో ఉంటే వడ్రంగి గుండె గుబగుబలాడుతుంది. డిపోలో కొన్న కర్ర ఖరీదు, శిష్యుడి చేతికిచ్చి చూద్దామనే ధైర్యాన్ని ఇంకాస్త తగ్గించింది.

ఇద్దరి మాటా నిజమే

పదో తరగతితో చదువు ఆగిన కొడుకును వెంటబెట్టుకుని తల్లి కొట్టానికి వెళ్తే మాట దాదాపు ఇలాగే నడుస్తుంది. "అన్నా, పిల్లగానికి జర పని నేర్పరాదే." "నేర్పుత చెల్లె, నాకేం బాధ? గని రెండు మూడేండ్లు పైసల ముచ్చట తీయొద్దు."

తల్లి వెనక్కి తిరగడం మొండితనం వల్ల కాదు. అదే పిల్లవాడు టైల్స్ మేస్త్రీ దగ్గరికో, పెయింటింగుకో, సెంట్రింగుకో వెళ్తే మొదటి రోజు సాయంత్రమే కూలి చేతికొస్తుంది. ఇంట్లో అప్పుంది, చెల్లెలి చదువుంది. మూడేళ్ల తర్వాత వచ్చే పనితనం కోసం ఈ రోజు కూలిని వదులుకోగలిగే ఇల్లు ఊళ్లో ఎన్ని ఉంటాయి? గురువు మాటలోనూ అన్యాయం లేదు. అతను చేసేది రోజు కూలి లాంటి పనే. నేర్పుతూ చేస్తే పని సగానికి పడిపోతుంది. పైగా ఏడాదిన్నరకు కాస్త చెయ్యి తిరగ్గానే కుర్రాడు హైదరాబాద్ బస్సెక్కుతాడని అతనికి అనుభవం. ఆడపిల్లను చేర్చుకోవడం గురించైతే మాటే రాదు. సగం ఊరిని లెక్కలోకే తీసుకోకుండా మనుషులు దొరకడం లేదని అనుకుంటున్నాం.

చట్టం కంటికి కొట్టం కనిపించదు

దేశంలో శిష్యరికానికి చట్టం లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం అప్రెంటిస్‌కు చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలన్నారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పావు వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. వినడానికి బాగుంది. కానీ 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థలకు శిష్యుల్ని తీసుకోవడం తప్పనిసరి, నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట ఐచ్ఛికం. ఒక్కడే పనిచేసుకునే వడ్రంగి కొట్టం ఆ లెక్కలో సంస్థే కాదు. నేర్పగలిగినవాళ్లలో ఎక్కువమంది ఉన్నది సరిగ్గా అక్కడే.

ఐటీఐల్లో వడ్రంగి ట్రేడ్ ఏడాది కోర్సు. కొలతలు, నక్షా చదవడం, యంత్రాల జాగ్రత్తలు అక్కడ చక్కగా నేర్పవచ్చు. అక్కణ్ణుంచి బయటికొచ్చినవాడికి అసలు ఇంటి అసలు తలుపు మీద రెండేళ్లు చెయ్యి తిరగాలి. దానికి మళ్లీ కొట్టమే దిక్కు.

2023 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి నాడు, పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. 18 చేతివృత్తుల్లో వడ్రంగి పని ఒకటి. గురుశిష్య పరంపరను బలపరచడం దాని ఆశయాల్లో ఒకటిగా ప్రకటించారు. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే 15 రోజులో ఆపైనో ఉన్నత శిక్షణ, శిక్షణలో ఉన్నన్నాళ్లు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీతో రెండు విడతల్లో మూడు లక్షల దాకా అప్పు. పని వచ్చినవాడికి ఇది అక్కరకొచ్చే సాయమే, కాదనలేం. అయితే 18 ఏళ్లు నిండి, అప్పటికే ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది, అదీ కుటుంబంలో ఒక్కరికి. పరంపరలో గురువు పేరు నమోదైంది. పదహారేళ్ల శిష్యుడికి గడి లేదు. రెండు శిక్షణలూ కలిపితే 22 రోజుల భృతి 11,000 రూపాయలు. నేర్చుకోవడానికి పట్టేది వెయ్యి రోజుల పైమాట.

బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ మరో చిత్రమైన పరిస్థితి తెచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి అయ్యాక సొంత కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చు, బయటివాళ్ల దగ్గర పనిచేయకూడదు. పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నది సరైనదే. కానీ ఇచ్చిన మినహాయింపు వల్ల పనితనం మళ్లీ ఇంటి గడపలోనే, అంటే కులం గడపలోనే తిరుగుతుంది. బయటి పిల్లవాడు చట్టబద్ధంగా, స్టైపెండ్‌తో, పద్నాలుగు దాటాక కొట్టంలో చేరే దారి ఎవరూ వేయలేదు.

శిష్యరికం ఎక్కడ బతికింది

శిష్యరికం పూర్తిగా చచ్చిపోయిందనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో కొత్త అపార్టుమెంట్లలో వంటగది అరలు, వార్డ్‌రోబ్‌లు బిగించే జట్లను చూడండి. చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. జట్టులో ఒక మేస్త్రీ, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు, ఒకరిద్దరు కుర్రాళ్లు. కుర్రాడు అక్కడే వండుకు తింటాడు, అక్కడే పడుకుంటాడు, మైకా అతికించడంతో మొదలుపెట్టి మెల్లగా కట్టర్ దగ్గరికి చేరతాడు. అతని తిండి జట్టు లెక్కలో కలిసిపోతుంది. పని తెగకుండా ఉంది, కొత్తవాడికి సరిపడే చిన్న పనులున్నాయి, తిండి ఎవరో పెడుతున్నారు. వెనకటి కొట్టాన్ని నిలబెట్టిన మూడు సంగతులూ ఇవే.

ఏటికొప్పాకలోనూ అదే కనిపిస్తుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళకు మళ్లీ ఊపిరిపోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. అక్కడ కొత్తవాడు బొంగరం, చిన్న భరిణె లాంటి వాటితో మొదలుపెట్టవచ్చు. ఒకటి చెడిపోతే పోయేది కాస్త కర్ర. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మలదీ అదే దారి. రెండు చోట్లా కర్ర కొరత వేరే పెద్ద బాధ. అయినా చిన్న సరుకుకు అంగడి ఉన్నంతకాలం నేర్చుకునేవాడికి చోటుంది.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో వడ్రంగులు చాలామంది. అక్కడ వాళ్లకు దొరికింది ఎక్కువగా సెంట్రింగ్ పని, కాంక్రీటుకు ప్లైవుడ్ పెట్టెలు కట్టడం. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్, ఇలాంటి నిర్మాణ పనుల్లో యువకులకు శిక్షణ ఇస్తోంది. గల్ఫ్ సంపాదన వల్ల ఇళ్లు నిలబడ్డాయి. కానీ ఎడారిలో పదేళ్లు సెంట్రింగ్ కొట్టి తిరిగొచ్చిన మనిషి కుసి, బెజ్జం మరిచిపోయి ఉంటాడు. అతని తర్వాతివాడికి అది తెలిసే అవకాశమే రాలేదు.

ఏం చేయాలి

మొదటిది, ఒంటరి మేస్త్రీ కొట్టాన్ని కూడా శిక్షణ కేంద్రంగా గుర్తించాలి. అతని పనితనాన్ని పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. పద్నాలుగు దాటిన పిల్లవాణ్ణో పిల్లనో అతని దగ్గర మూడేళ్లకు నమోదు చేసి, స్టైపెండ్ నేరుగా వాళ్ల ఖాతాలో వేయాలి. కులం అడగకూడదు. పద్దెనిమిది నిండేదాకా కరెంటు కట్టర్ ముట్టనివ్వకూడదు. ప్రమాద బీమా మొదటి రోజు నుంచే ఉండాలి. వారంలో ఒక రోజు దగ్గరి ఐటీఐలో నక్షా, లెక్కలు నేర్పితే రెండూ కలిసొస్తాయి.

రెండోది, తప్పు చేయడానికి చోటు చూపాలి. తెలంగాణలో మన ఊరు - మన బడి, ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద బడులకు కొత్త ఫర్నిచర్ వచ్చింది. పాతవాటిలో కాలు విరిగిన బెంచీలు, ఊడిన నల్లబల్ల చట్రాలు, మూసుకోని తలుపులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అంగన్‌వాడీలు, పంచాయతీ భవనాల్లోనూ అంతే. ఆ మరమ్మతులను టెండర్లకు వదలకుండా నమోదైన కొట్టాలకు ఇస్తే, నాగలి వెళ్లిపోయినప్పుడు పోయిన మోటు పని మళ్లీ దొరుకుతుంది. రైతు తన గట్టు చెట్టును ఊరి వడ్రంగికి ఇచ్చుకోవడానికి అనుమతి కూడా మండలంలోనే, వారం లోపు తేలాలి.

ఖర్చు అంటారా? పదో తరగతి పాసైనవాడికి నెలకు 6,000 చొప్పున మూడేళ్లకు 2,16,000 రూపాయలు. యంత్రాలు కొనుక్కోమని మూడు లక్షలు అప్పివ్వడానికి బ్యాంకు సిద్ధంగా ఉంది. ఆ యంత్రం నడిపే మనిషిని తయారు చేయడానికి అంతకంటే తక్కువే కావాలి. తేడా ఏమిటంటే ఇది అప్పుగా ఇచ్చేది కాదు, ఊరు ఒకప్పుడు కల్లం దగ్గర కొలిచినట్టు ఇవ్వాల్సింది.

కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రోజు యాభై ఐదేళ్లున్న మేస్త్రీకి ఇంకో పదేళ్ల ఓపిక ఉందనుకుంటే, ఒకరి తర్వాత ఒకరుగా అతను పూర్తిగా నేర్పగలిగేది ముగ్గురికి. ఆ ముగ్గురికీ అయ్యే మొత్తం ఆరున్నర లక్షలు దాటదు. ఈ ఏడాది మొదలుపెడితే ముగ్గురు, మూడేళ్లు ఆగితే ఇద్దరు, ఆరేళ్లు ఆగితే ఒక్కడు. ఆ డబ్బు ఏ శాఖ పద్దులో పడాలో తేల్చడానికి ఎన్నేళ్లు తీసుకుంటారన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.